నవోమి పోపు, లెవీ సినిమా

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో నవోమి కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆమె కూరకూ మాటకూ కారం ఒకే డబ్బాలోంచి తీస్తుందని హాస్టల్ పిల్లలు అనుకుంటారు, అయినా వస్తారు. ఎవడైనా "ఆంటీ, పప్పు జర ఎక్కువెయ్" అంటే, "కోర్సు మూడుసార్లు చేస్తవు, పప్పు మాత్రం ఒక్కసారికే ఎక్కువ కావాల్నా?" అంటుంది. అంటూనే గరిటెడు ఎక్కువ వేస్తుంది. మనుషులను మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. దేవుణ్ని మాత్రం ఆదివారం ఆదివారం మెచ్చుకుంటుంది, అదీ పాటల పుస్తకంలో ఉన్నంత మేరకే.

ఆమె నోటికి అందరికంటే ఎక్కువ మేత వేసినవాడు తమ్ముడు లెవీ. లెవీ సినిమా మనిషి. సినిమా తీసినవాడని కాదు, తియ్యబోతున్నవాడని. కృష్ణానగర్‌లో అలాంటివాళ్లు ఇంటికి ముగ్గురు ఉంటారు. వాళ్లందరి సినిమాలూ విడుదలైతే ఆడించడానికి దేశంలో హాళ్లు చాలవు. లెవీ ఒక పెద్ద డైరెక్టర్ దగ్గర కొన్నాళ్లు, ఒక చిన్న డైరెక్టర్ దగ్గర చాలాకాలం పనిచేశాడు. నలభై దాటాక జుట్టు పెంచి వెనక్కి రబ్బరు బ్యాండు పెట్టుకున్నాడు. చర్చిలో ఎవరైనా "మీ తమ్ముడు ఏం చేస్తుండు?" అని అడిగితే నవోమి "డెవలప్‌మెంట్ చేస్తుండు" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూసి ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

లెవీ డెవలప్ చేస్తున్నది ఒక నాటకాన్ని. దాని పేరు 'పళ్లెం'. వాళ్ల అమ్మ వజ్రమ్మ మీద తనే రాశాడు. ఆ నాటకాన్ని సినిమాగా తియ్యాలన్నది అతని పట్టు. మామూలు సినిమా కాదు, ఇండిపెండెంట్ సినిమా. ఇండిపెండెంట్ అంటే ఎవరిమీదా ఆధారపడనిదని అక్కకు వివరించి చెప్పాడు. చెప్పి, ఆ పూట కూడా ఆమె క్యారియర్ కట్టించుకునే వెళ్లాడు.

వజ్రమ్మ మెదక్ వైపు నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో ఒక మగపిల్లల హాస్టల్‌లో వంట చేసింది. ఊరూరి నుంచి కంప్యూటర్ కోర్సులకు వచ్చిన పిల్లలకు వండి పెడుతూ, కొడుకును కూడా అదే కోర్సులో చేర్పించింది. లెవీ కొన్నాళ్లు క్లాసుకు వెళ్లాడు, పరీక్ష తప్పాడు, ఒకరోజు పుస్తకాల సంచి గుమ్మంలో పెట్టి మాయమయ్యాడు. మాయమై దేశాలు పట్టిపోలేదు, కృష్ణానగర్‌లో తేలాడు. అమీర్‌పేటలో బస్సెక్కితే సీటు దొరికేలోపే దిగవలసిన దూరం. ఆ దూరం నుంచి ఏళ్ల తరబడి ఇంటికి రాలేదు. వజ్రమ్మ రోజూ వాడికి పళ్లెంలో అన్నం పెట్టి మూత వేసేది, తెల్లారి తనే తినేది. "రానియ్ గాడిద కొడుకుని, కాళ్లిరగ్గొడ్త" అంటూనే పెట్టేది. అలా పెడుతూ పెడుతూనే ఒక వానాకాలం జ్వరం వచ్చి చనిపోయింది. సమాధుల తోటకు లెవీ వచ్చాడు, అందరికంటే పెద్దగా ఏడ్చాడు. మరుసటి ఏడాది నాటకం రాశాడు.

"అమ్మ వండింది తిననోడు అమ్మ వంట మీద నాటకం రాసిండు" అని నవోమి చర్చి అంతా వినేలా అంది. అన్నదే గాని, అందులో తల్లి వేషం ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు.

నాటకం సులువైనదే. హాస్టల్ వంటమనిషి ఒకామె పొయ్యి ముందు కూర్చుని పప్పు వండుతూ, పరీక్ష తప్పి వెళ్లిపోయిన కొడుకుతో మాట్లాడుతూ ఉంటుంది. ఎదురుగా పీట, పీట ముందు ఖాళీ పళ్లెం. వచ్చి కూర్చుంటే వడ్డిద్దామని చూస్తుంది. కొడుకు రాడు. చివర్లో ఆమె పప్పుకు పోపు పెడుతూ, "పాసైనవా ఫెయిలైనవా అని అన్నం అడగదు బిడ్డా. రా, తిను, సల్లగైపోతది" అంటుంది. అక్కడ జనం ఏడుస్తారు. ఏడుస్తుండగానే ఆమె లేచి, "తినేటోళ్లంత నా బిడ్డలే, రాండ్రి" అని అందర్నీ భోజనానికి పిలుస్తుంది. తెర పడుతుంది, వెనక టేబుళ్ల మీద బగారా అన్నం గిన్నెల మూతలు లేస్తాయి.

ఏటా డిసెంబర్‌లో చర్చి ఆవరణలో సెమీ క్రిస్మస్ జరిగే సాయంత్రం ఈ నాటకం ఆడతారు. అసలు క్రిస్మస్‌కు అందరూ ఎవరి ఇళ్లలో వాళ్లుంటారు కాబట్టి దానికి ముందొక అర క్రిస్మస్ చేసుకోవడం మనవాళ్ల ఆనవాయితీ. చలికని షామియానాకు మూడు వైపులా గుడ్డలు దించుతారు. సంఘ పెద్ద జెరెమియా స్టేజీ మీద పొగ నిండకూడదని పొయ్యి వెనక ఒక టేబుల్ ఫ్యాను పెట్టిస్తాడు. వజ్రమ్మ పోపు ఎలా పెట్టేదో నవోమి అచ్చం అలాగే పెడుతుంది, కాగిన నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు తుంచి పడేస్తుంది. ఆ ఘాటును జెరెమియా ఫ్యాను తీసుకెళ్లి, మూడు వైపులా గుడ్డలు కట్టిన షామియానాలో కూర్చున్న జనం మీదకు తోలుతుంది. సరిగ్గా అప్పుడే ఆమె "పాసైనవా ఫెయిలైనవా" అంటుంది. ముందు వరస దగ్గుతుంది, రెండో వరస ముక్కు చీదుతుంది, చర్చి స్త్రీల సమాజం మొత్తం కొంగులు తీస్తుంది.

లెవీ పక్క తెర వెనక ప్రాంప్టింగ్ కాగితాలు పట్టుకుని ఆ కళ్లన్నీ చూసి పొంగిపోయేవాడు. తన మాటకు ఏడుస్తున్నారనుకునేవాడు. ఫ్యానుకు వెనకవైపు ఉన్నవాడికి ఘాటు తగలదు కదా. నవోమికి మొదటి ఏడాదే తెలిసింది. చెప్పలేదు. వెర్రివాడి ఆనందం, పోనీలే అనుకుంది. ఆమె కళ్లలో కూడా నీళ్లు తిరిగేవి, ఆమె వాటిని మిరపకాయల ఖాతాలోనే వేసేది.

ఒక ఏడాది ఆ ఘాటు నర్సింహులు కళ్లకు తగిలింది. నర్సింహులు శామీర్‌పేట వైపు ప్లాట్లు అమ్మినవాడు, జెరెమియా ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచి ముందు వరస సోఫాలో కూర్చోబెట్టాడు. అంటే ఫ్యానుకు ఎదురుగా. నాటకం అయ్యేసరికి పెద్దమనిషి చేతిరుమాలు తడిసిపోయింది. లెవీని కౌగిలించుకుని, "తమ్మి, మా అవ్వ యాదికొచ్చింది. దీన్ని సినిమా తీద్దాం. నేనున్న, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. లెవీ ఆ రోజు అన్నం తినలేదు. నేరుగా అక్క దగ్గరికి వచ్చి, "అక్కా, సినిమాల సుత అమ్మ నువ్వే. మాటిస్తున్న" అన్నాడు.

"నీ మాట నాకెందుకురా, కూరగాయలు కట్ చేస్తదా?" అంది నవోమి. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమెకు తెర మీద కనపడాలన్న పిచ్చి లేదు. తల్లిని మోసి, కడిగి, పెట్టెలో పెట్టింది ఆమె. తల్లి కూర్చునే తీరు, పైట దోపుకునే తీరు, తిట్టే తీరు ఆమె ఒంట్లో ఉన్నాయి. ఆ తల్లి వేషం తనదే కావాలి, ఇంకెవరి ఒంటి మీదా ఉండకూడదు. ఇంతకాలం దేన్నీ అంత గట్టిగా కోరుకోలేదని ఆమెకే తెలిసి భయం వేసింది.

ఆ తర్వాత అసలు డెవలప్‌మెంట్, అంటే కథను సినిమాకు దిద్దే పని, మొదలైంది. పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో సురేందర్ అనే ఆయన ఉంటాడు. ఆయన స్క్రిప్ట్ డాక్టర్. నాడి చూడడు, మందు రాయడు, బాగున్న కథకు జబ్బేమిటో చెబుతాడు. లెవీ రోజు విడిచి రోజు నవోమి కూరలు క్యారియర్‌లో పట్టుకుని అక్కడికి వెళ్లేవాడు. తెల్ల బోర్డు మీద రంగు రంగుల చీటీలు అంటించి, వాటిని మార్చి మార్చి అంటించేవారు. సినిమా సంగతేమో గాని సురేందర్ పొట్ట మాత్రం నవోమి గోంగూర మటన్‌తో బాగా డెవలప్ అయింది.

మొదటి నెలల్లో కథలోంచి హాస్టల్ పోయింది. హాస్టల్ అంటే డల్‌గా ఉంటుందని సురేందర్ అన్నాడు, వంటమనిషి జూబ్లీహిల్స్ రెస్టారెంట్‌కు వెళ్లింది. తర్వాత ఆమె ప్రార్థన పోయింది. ఏ మతమో తెలియకపోతే అన్ని మతాలవాళ్లూ చూస్తారట. ఎండాకాలానికి ఆమెకు ఒక పాత ప్రేమికుడు వచ్చాడు. వచ్చిన ప్రతి మార్పునూ లెవీ కర్రీ పాయింట్ ముందు నిలబడి అక్కకు చెప్పేవాడు, ఆమె గరిటె ఆపకుండా వినేది. "అమ్మకు లవరా? నాయిన సచ్చిపోయి బతికిపోయిండు" అంది. అప్పటికే పోస్టర్ అచ్చయింది, సంగీత దర్శకుడి కోసం వెతుకులాట కూడా మొదలైంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

ఒక్క విషయంలో మాత్రం లెవీ లొంగలేదు. కొడుకు తిరిగి రావాలని సురేందర్ పట్టుబట్టాడు. ప్రేక్షకుడు రెండు గంటలు ఎదురుచూసి ఖాళీ పళ్లెం చూసి ఇంటికెళ్లాలా అని వాదించాడు. "కొడుకు రాడన్నా" అన్నాడు లెవీ. "రాకపోవుడే కథ. ఆడొచ్చి కూసుంటే ఇంక నా దగ్గర చెప్పడానికి ఏం లేదు." ఈ సంగతి కూడా నవోమి గరిటె తిప్పుతూనే వింది. ఆ రోజు క్యారియర్‌లో ఒక గుడ్డు ఎక్కువ పెట్టింది.

చివరికి ముందు ఒక్క సీను తీద్దాం, అది చూసి డబ్బు పెట్టేవాళ్లు ఇంకొందరు వస్తారు అని తీర్మానించారు. ఏ సీను అంటే పోపు సీనే. లెవీ ఫోన్ చేసి, "అక్కా, యూసుఫ్‌గూడల షూటింగ్‌కు ఫ్లాట్ తీసుకున్నం, శనివారం పొద్దున్నే ఆడికి రా. అమ్మ చీర తెచ్చుకో" అన్నాడు.

నవోమి శనివారం కర్రీ పాయింట్ మూసింది. పిల్లలు ఆకలితో తిట్టుకుంటారని తెలిసీ మూసింది. వజ్రమ్మ గళ్ల నూలు చీరను నవోమి నాటకానికి తప్ప కట్టదు, సబ్బు పెట్టి ఉతకదు. దాంట్లో ఇంకా హాస్టల్ వంటింటి నూనె వాసన, తల్లి మెడ దగ్గరి వాసన ఉన్నాయి. ఆ చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, భర్త యేసురత్నం స్కూటర్ వెనక కూర్చుని వెళ్లింది. దారిలో మనసులో డైలాగు చెప్పుకుంటూనే ఉంది. ఇన్నేళ్లుగా చెబుతున్న డైలాగే, అయినా మర్చిపోతానేమోనని భయపడింది.

ఫ్లాట్‌లో అద్దం ముందు మధులత కూర్చుని ఉంది. టీవీ సీరియళ్లలో అత్తగా ఇంటింటికీ తెలిసిన మనిషి. ఆమెకు జుట్టులో తెల్ల రంగు వేస్తున్నారు. నవోమికి క్షణంలో అర్థమైంది. లెవీ ఎక్కడున్నాడా అని చూసింది. వాడు కెమెరా వెనక నిలబడి లేని దుమ్ము తుడుస్తున్నాడు.

"నీకు చెప్దామనే అనుకున్న అక్కా" అన్నాడు. "నర్సింహులన్న ఫేస్ ఉండాలన్నడు. తెలిసిన ఫేస్ లేకపోతే ఎవరూ కొనరట."

"నాకున్నది ఫేస్ కాదారా? ఇన్నేండ్లు మొహం మీద మూకుడు బోర్లించుకొని ఆడిన్నా?"

"నువ్వు ఫుడ్ కన్సల్టెంట్. టైటిల్స్‌ల పేరు పడ్తది."

నవోమి ఇంకేదో అనేదే. ఇంతలో బట్టలు చూసే అమ్మాయి వచ్చి ఆమె చీర కొంగు పట్టుకుని, "సార్, మనకు కావల్సింది ఇదే. ఈ పాతదనం ఎంత వెతికినా దొరకలేదు. మేడమ్‌కు కట్టేద్దామా?" అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మధులత మర్యాదస్తురాలు, లేచి వచ్చి, "మీకు ఇబ్బందైతే వద్దండి అమ్మా" అంది. ఆ మర్యాదకే నవోమికి ఎక్కువ మండింది. వద్దంటే వేషం కోసం అడుక్కున్నట్టు ఉంటుంది. పక్క గదిలోకి వెళ్లి చీర విప్పి ఇచ్చింది, ఆ అమ్మాయి ఇచ్చిన నైటీ తొడుక్కుని వంటింట్లోకి వెళ్లి యూనిట్ అందరికీ పులిహోర కలిపింది. కోపంలో చేసినా పులిహోర బాగా కుదిరింది, అదీ ఆమెకు కోపం తెప్పించింది.

గోడకు అవతల ఒకటే మాట పదే పదే వినిపించింది. "పాసయ్యావా ఫెయిలయ్యావా అని అన్నం అడగదు నాన్నా." ఫ్లాట్ ఓనరు పొగ పెట్టొద్దన్నాడు కాబట్టి కరెంటు పొయ్యి మీద ఖాళీ మూకుడు పెట్టారు. మిషన్‌తో ఆవిరి వదిలారు. కన్నీళ్లకు గ్లిజరిన్ వేశారు. వజ్రమ్మ చీరలో నిలబడి ఇంకొక ఆవిడ నాన్నా, నాన్నా అంటోంది. వజ్రమ్మ జీవితంలో కొడుకును నాన్నా అనలేదు, గాడిదా అనే అంది.

కొన్ని వారాలకు ఆ సీను పంజాగుట్టలో ఒక చిన్న ప్రివ్యూ హాలులో వేశారు. నవోమి చీర కోసం వెళ్లింది. డ్రైక్లీనింగ్ చేయించి, ఇస్త్రీ పెట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇచ్చారు. ఆమె అక్కడే కవరు చింపి ముక్కు దగ్గర పెట్టుకుంది. మందు వాసన తప్ప ఏమీ లేదు. తల్లి చనిపోయి ఇన్నేళ్లయినా మిగిలిన ఆ కాస్త వాసనను ఎవరో పుణ్యాత్ములు పిండి పారేశారు. ఆమె ఆ చీర ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది.

సీను అయిపోయింది, లైట్లు వెలిగాయి. నర్సింహులు కళ్లు తడుముకుని చూసుకున్నాడు, పొడిగా ఉన్నాయి. "గదేంది తమ్మి" అన్నాడు, "ఆ రోజు చర్చిల గంత ఏడ్చిన గదా, ఇయ్యాల ఎందుకొస్తలేదు?"

"మ్యూజిక్ పడితే వస్తుందన్నా" అన్నాడు సురేందర్.

"డైలాగ్ అదే గదన్నా" అన్నాడు లెవీ. "మీరు ఏడ్చింది ఆ డైలాగుకే. నా డైలాగుకు ఏడవని మనిషి లేడన్నా ఆ షామియానాల. అక్కను అడుగుండ్రి."

అక్కను అడగమనకపోతే బాగుండేది. ఒళ్లో చీర, ముక్కులో మందు వాసన. నవోమి లేచి నిలబడింది. "డైలాగుకు కాదు, మిరపకాయలకు" అంది. ఫ్యాను ఎక్కడ పెట్టేవారో, గుడ్డలు ఎలా దించేవారో, నూనె ఎంత కాగాక మిరపకాయలు వేసేదో అంతా చెప్పింది. "మీ అవ్వ యాదికి రాలేదన్నా, ఎండుమిర్చి ఘాటు ముక్కుల వోయింది. ఈడు రాసిన దానికి ఒక్కడంటే ఒక్కడు ఏడవలే, ఇన్నేండ్లల్ల."

నర్సింహులు నవ్వడం మొదలుపెట్టాడు. సోఫా ఊగేలా, కళ్లలో నీళ్లు కారేలా నవ్వాడు. ఆ సినిమా మొత్తం మీద నిజంగా కారిన కన్నీళ్లు అవే. లెవీ మాత్రం లేచి బయటికి నడిచాడు. ప్రివ్యూ హాలు గుమ్మం దాటి వెళుతున్నవాణ్ని వెనక నుంచి చూస్తే, పుస్తకాల సంచి గుమ్మంలో పెట్టి వెళ్లిన పిల్లవాడు ఇలాగే వెళ్లి ఉంటాడనిపించింది నవోమికి. నోరు కోసుకోవాలనిపించింది.

నర్సింహులు ఆ వారమే దయ్యాల కామెడీ ఒకటి మొదలుపెట్టాడు. దానికీ సురేందరే డాక్టర్. మధులత సీరియల్‌లో కొత్త కోడలిని ఏడిపించడానికి వెళ్లిపోయింది. అమ్మ వేషం ఇక ఎవరికీ లేదు, నవోమి పంతం ఒకరకంగా నెగ్గినట్టే. నెగ్గిన దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. రోజూ మధ్యాహ్నం ఒక క్యారియర్ కట్టి పక్కన పెట్టేది. లెవీ వచ్చేవాడు కాదు. సాయంత్రం ఆ క్యారియర్ విప్పి యేసురత్నం, తనూ తినేవారు.

"అచ్చం మీ అమ్మ లెక్కనే చేస్తున్నవ్" అన్నాడు యేసురత్నం ఒకరోజు. ఆయన సాధారణంగా మాట్లాడడు. నవోమి పళ్లెం దూరంగా నెట్టి లేచిపోయింది.

డిసెంబర్ వచ్చాక లెవీ వచ్చాడు. జుట్టు కత్తిరించుకున్నాడు, రబ్బరు బ్యాండు లేదు. "అక్కా, ఈసారి నాటకంల మిర్చి వెయ్యకు" అన్నాడు.

"ఎందుకు?"

"నాకు తెలువాలె. ఇన్నేండ్లు నేను రాసింది మాటనా, పొగనా? ఒక్క మనిషి కళ్లల్ల నీళ్లొచ్చినా చాలు. లేకుంటే కాగితాలు పడేస్త, మళ్ల రాయ."

ఆమెకు నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. నమిలి మింగేసింది. "సరే" అంది.

సెమీ క్రిస్మస్ సాయంత్రం షామియానాకు మూడు వైపులా గుడ్డలు దిగాయి. జెరెమియా ఫ్యాను పెట్టించాడు. నవోమి వాసన పోయిన చీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. పప్పు ఉడికింది. నూనె కాగింది. ముందు వరసలో స్త్రీల సమాజం అలవాటుగా కొంగులు చేతుల్లోకి తీసుకుని సిద్ధంగా ఉంది. ఆవాలు వేసింది, జీలకర్ర వేసింది, వెల్లుల్లి, కరివేపాకు వేసింది. మిరపకాయలు మాత్రం డబ్బాలోనే ఉంచింది. "పాసైనవా ఫెయిలైనవా అని అన్నం అడగదు బిడ్డా" అంది. ఎప్పుడూ అననంత బాగా అంది. తమ్ముడి కోసం ప్రాణం పెట్టి అంది.

ఎవరూ దగ్గలేదు. ఎవరూ ముక్కు చీదలేదు. చేతుల్లోకి తీసిన కొంగులు ఒక్కొక్కటే భుజాల మీదకు వెళ్లిపోయాయి. ఒకాయన గడియారం చూసుకున్నాడు, ఇంకొకామె వెనక బగారా గిన్నెల వైపు మెడ తిప్పింది. నవోమి ఒక్క తడి కన్ను కోసం వరస వరసా వెతికింది. ఒక్కటీ లేదు. ఇంత మంది మీద ఇంత అసహ్యం ఆమెకు ఎన్నడూ కలగలేదు. వీళ్ల కోసమా ఇన్నేళ్లు పొయ్యి ముందు నడుం పట్టేసేలా కూర్చుని ఆడింది అనుకుంది.

"రా, తిను" అనాలి తర్వాత. ఇన్నేళ్ల మాట మర్చిపోయింది. ప్రాంప్టింగ్ కోసం పక్క తెర వైపు చూసింది. లెవీ జనాన్ని చూస్తున్నాడు. చూసి చూసి, కాగితాలు కింద పెట్టాడు. వెళ్లిపోతున్నాడనుకుంది, మళ్లీ పుస్తకాల సంచే అనుకుంది. లెవీ వెళ్లలేదు. చెప్పులు విడిచి స్టేజీ మీదకు వచ్చి, పీట మీద కూర్చుని, ఖాళీ పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

నవోమికి ఒళ్లంతా మండిపోయింది. గరిటె పట్టుకుని లేచింది. "ఇప్పుడైందారా ఆకలి?" అంది. "గాడిద కొడకా, కాళ్లిరగ్గొడ్త. ఇంత దగ్గరుండి, బస్సెక్కితే దిగేంత దగ్గరుండి, ఇన్నేండ్లకు వస్తవా? రోజూ పెట్టి రోజూ తిన్నకదరా నీ ఎంగిలి లేని కూడు!" ఆ మాటలు నాటకంలో లేవు. అవి వజ్రమ్మవి, లెవీ ఎన్నడూ రాయనివి. జనం కొందరు నవ్వారు, కొందరు ఇది కొత్తగా కలిపినదేమోనని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె తిడుతూనే కూర్చుని అన్నం పెట్టింది, పప్పు పోసింది.

లెవీ తలెత్తకుండా తిన్నాడు. ముద్ద తర్వాత ముద్ద, వేళ్లు నాకి తిన్నాడు. "అక్కా, కారం లేదు" అన్నాడు మెల్లగా.

"లేదు" అంది నవోమి. ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఈసారి వాటిని వెయ్యడానికి ఏ ఖాతా లేదు. జనాన్ని భోజనానికి పిలవడం మర్చిపోయింది. వాళ్లే లేచి వెళ్లారు, బగారా అన్నం ముందు ఎవరినీ పిలవనక్కర్లేదు.

తర్వాత జెరెమియా ఫ్యాను వైరు చుట్టుకుంటూ వచ్చాడు. "ఈసారి అంతగనం లేదమ్మా నాటకం" అన్నాడు. "ఏడుపు రాలే. పాతదే మంచిగుండె. కాని చివర్ల తిట్టినవు సూడు, అది మాత్రం అచ్చం వజ్రమ్మే. నాకు ఒక్కసారి ఒళ్లు జల్లుమన్నది."

ఏటా నాటకం అయ్యాక నవోమి ఆ పళ్లెం తుడిచి సంచిలో పెట్టుకోవడమే, కడిగే పని ఎన్నడూ ఉండేది కాదు. ఈసారి దాని నిండా తమ్ముడి వేళ్ల గీతలున్నాయి. కొంగు నడుముకు దోపుకుని, పళ్లెం పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది.